మైకు చేతికొచ్చే ముందు: బావలకు, బాబాయిలకు కరోకే చిట్కాలు

కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి దాకా ఏ ఫంక్షన్ హాల్లోకి తొంగి చూసినా ఇప్పుడు ఒక మూలన చక్రాల స్పీకరు, దాని మీద రెండు మైకులు కనిపిస్తున్నాయి. సంగీత్, హల్దీ, తొట్టెల, దోతి ఫంక్షన్, దుబాయి నుంచి తమ్ముడొచ్చిన దావత్... సందర్భం ఏదైనా భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఫోన్లో ట్రాక్ పెడతారు. ఆడవాళ్ళకు ఇబ్బంది లేదు. ఏటా బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడిన గొంతులు, నలుగురిలో పాడటం వాళ్ళకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చిక్కంతా మగవాళ్ళ దగ్గరే. సగం మంది మైకు కనిపించగానే ఫోన్ వచ్చినట్టు చెవిన పెట్టుకుని బయటికి నడుస్తారు. మిగతా సగం మంది చేతికొచ్చిన మైకు వదలరు. ఈ చిట్కాలు ఆ రెండు జట్ల వాళ్ళకూ పనికొస్తాయి.

1. పాటను మీ గొంతు దగ్గరికి దించుకోండి. మీరు పాట దగ్గరికి ఎక్కకండి.

కరోకే పుట్టిందే ఇందుకు. జపాన్‌లోని కోబే నగరంలో ఇనోవే దైసుకే అనే ఆయన క్లబ్బుల్లో వాద్యం వాయించేవాడు. తాగి పాడే పెద్దమనుషుల వెనక, వాళ్ళ తాళం తప్పితే తానూ తప్పి, వాళ్ళ శ్రుతి దిగితే తానూ దిగి నెట్టుకొచ్చేవాడు. ఒక కంపెనీ యజమానికి ఆ సర్దుబాటు తెగ నచ్చింది. వేడినీటి బుగ్గల ఊరికి తన వాళ్ళతో వెళ్తూ, నువ్వూ వచ్చి వాయించమన్నాడు. ఇనోవేకు కుదరలేదు. బదులుగా ఆ యజమాని ఎంత నిదానంగా, ఏ స్థాయిలో పాడగలడో అలాగే వాయించి టేపులో ఎక్కించి ఇచ్చాడు. దాన్నుంచే 1971లో టేపు, మైకు, నాణేల పెట్టె కలిపిన యంత్రం తయారైంది. మొదట 11 చేయించి కోబే బార్లకు అద్దెకిచ్చాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. 2004లో ఆయనకు నవ్వులాటగా ఇచ్చే ఇగ్ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడం నేర్పినందుకట. మన ఫంక్షన్ హాళ్ళు చూస్తే ఆ బహుమతి ఆయనకు ఇంకోసారి ఇవ్వొచ్చనిపిస్తుంది.

మన వాళ్ళు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. సినిమాలో బాలు ఎక్కడ పాడితే అక్కడే పాడాలని పట్టు పడతారు. పల్లవి గట్టెక్కుతుంది, చరణంలో గొంతు చిరుగుతుంది. సిగ్గుపడాల్సింది స్థాయి తగ్గించుకున్నందుకు కాదు, తగ్గించుకోనందుకు.

2. పాటలో అన్నిటికన్నా పై మెట్టున ఉన్న వరుస ఏదో ముందు పట్టుకోండి.

అది సాధారణంగా చరణం చివర, పల్లవి మళ్ళీ అందుకునే ముందు ఉంటుంది. ఆ ఒక్క వరుసను నిలబడి, మామూలు గొంతుతో, అరవకుండా పాడండి. గడ్డం పైకి లేస్తోందా? మెడ నరం ఉబ్బుతోందా? కనుబొమలు నెత్తికెక్కుతున్నాయా? అయితే ఆ పాట మీకు ఎక్కువ స్థాయిలో ఉంది. కరోకే యాప్‌లలోనూ, స్థాయి మార్చే యాప్‌లలోనూ ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. ఒక్కో నొక్కుకు అర మెట్టు మారుతుంది. మైనస్ ఒకటి నొక్కి మళ్ళీ అదే వరుస పాడండి. ఇంకా లాగుతుంటే మైనస్ రెండు. గడ్డం లేవకుండా వరుస పలికిన చోట ఆగండి. ఇప్పుడు పాటలో అన్నిటికన్నా కిందున్న మాటలు పాడి చూడండి. అవి గొణుగుడులా వినిపిస్తే మరీ దించేశారన్నమాట, అర మెట్టు పైకి రండి. పైనా కిందా రెండూ కుదరకపోతే ఆ పాటకు దండం పెట్టి ఇంకోటి వెతుక్కోవడమే.

యాప్‌లతో పడలేని వాళ్ళకు ఇంకో దారి ఉంది. మన ఊళ్ళలో భజన మండలి ఉన్న చోట హార్మోనియం పట్టే పెద్దాయన ఒకరుంటారు. ఆయన దగ్గరికెళ్ళి, "పెద్దనాయినా, నా శ్రుతి ఎంతో చూడు" అనండి. ఆయన నాలుగు మెట్లు నొక్కి, మీతో సరిగమ పలికించి ఒకటో, ఒకటిన్నరో, రెండో చెప్పేస్తాడు. మగ గొంతులు ఎక్కువగా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. ఆ అంకె ఒక్కసారి తెలిస్తే జన్మంతా పనికొస్తుంది. ఫోన్లో రాసిపెట్టుకోండి.

3. మన ఊరి గొంతు పాడిందని ప్రతిదీ హుషారు పాట అనుకోకండి.

గాయకుడు అనురాగ్ కులకర్ణిది కామారెడ్డి. ఆ గర్వంతో కామారెడ్డి కుర్రాళ్ళు మైకు దొరకగానే ఆయన పాటే ఎత్తుకుంటారు. ఎత్తుకోవాల్సిందే. కానీ ఏది? 2018లో వచ్చిన ‘ఆర్‌ఎక్స్ 100’లోని ‘పిల్లా రా’ మనసు మెలిపెట్టే పాట. అదే ఏడాది ‘కేరాఫ్ కంచరపాలెం’లోని ‘ఆశా పాశం’ ఇంకా బరువు. రెండూ గొప్ప పాటలే, హల్దీలో మాత్రం వద్దు. పసుపు పూసుకుని కూర్చున్న పెళ్ళికొడుకు ముందు అవి పాడితే పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆయనదే ‘రాములో రాములా’ ఉందిగా. ‘అల వైకుంఠపురములో’ కోసం కాసర్ల శ్యామ్ రాస్తే, తమన్ బాణీకి మంగ్లీతో కలిసి పాడారు. తెలంగాణ యాస, దరువు, నలుగురూ అందుకునే పల్లవి. హాలు లేచి నిలబడటానికి ఇంకేం కావాలి?

4. గొంతు లావుగా ఉందా? అది లోపం కాదు, కాస్త వెనక్కి వెళ్ళండి.

యాభై దాటిన బాబాయిలు కొత్త పాటలతో కుస్తీ పడుతుంటే జాలేస్తుంది. వాళ్ళ కోసమే అన్నట్టు మాధవపెద్ది సత్యం గొంతు ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’లో ఎస్వీ రంగారావుకు ఆయన పాడిన ‘వివాహ భోజనంబు’ కన్నా పెళ్ళి విందుకు తగిన మగ పాట తెలుగులో ఇంకోటి నాకు తోచదు. ఇందులో అసలు పరీక్ష పాట కాదు, నవ్వు. మధ్యలో వచ్చే నవ్వు గొంతులోంచి వస్తే దగ్గులా ఉంటుంది, పొట్టలోంచి రావాలి. ఇంట్లో నవ్వు ఒక్కటే విడిగా సాధన చేయండి. పక్కింటి వాళ్ళకు ముందే చెప్పి పెట్టండి.

ఇంకోటి, 1962 నాటి ‘కులగోత్రాలు’లోని ‘అయ్యయ్యో చేతిలో డబ్బులు పోయెనే’. కొసరాజు రాశారు, మాధవపెద్ది, పిఠాపురం పాడారు. మన దగ్గర ఏ ఫంక్షన్‌లోనైనా ఒక గదిలో పత్తాలాట నడుస్తూనే ఉంటుంది కదా. ఆ గదిలోంచి పోగొట్టుకున్న నలుగురిని లాక్కొచ్చి వాళ్ళ చేతే పాడించండి. భావం దానంతటదే వచ్చేస్తుంది.

5. వేగం పాటల్లో మాట కన్నా ఊపిరి ముఖ్యం.

2022 నాటి ‘డీజే టిల్లు’ టైటిల్ పాటను రామ్ మిరియాల తానే బాణీ కట్టి పాడారు. వింటుంటే మాట్లాడినట్టే ఉంటుంది, పాడబోతే నాలుక మడత పడుతుంది. ఇలాంటి పాటను మొదట ఫోన్లో ముప్పావు వేగానికి తగ్గించి నేర్చుకోండి. యూట్యూబ్‌లోనే ఆ వెసులుబాటు ఉంది. పాట కాగితం మీద రాసుకుని, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. మాట మధ్యలో గీత పడకూడదు. ఎక్కడా సందు లేకపోతే వరుస చివరి మాటను వదిలేయండి, జనం పూరిస్తారు. పూరించకపోయినా మీ మీద ఎవరూ కేసు పెట్టరు.

6. ‘నాటు నాటు’ ఒంటరిగా ఎత్తుకోకండి.

2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద కూడా దాన్ని ఇద్దరు పాడారు, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. అంతటి వాళ్ళే పంచుకుంటే మనమెంత? గెంతే పని వేరే వాళ్ళకు అప్పజెప్పారు. ఇదే సూత్రం. ఒక వరుస బావ, ఒక వరుస బామ్మర్ది. ఒకరు పాడుతుంటే ఇంకొకరు ఊపిరి తీసుకుంటారు. అడుగులు కుర్రాళ్ళకు వదిలేయండి. పాడుతూ ఎగిరితే రెండో చరణానికి మైకులో వినిపించేది ఆయాసమే. పైగా చంద్రబోస్ రాసిన మాటల్లో ఒత్తులు తక్కువేం కాదు, పళ్ళ సెట్టున్న మామయ్యలు ఆలోచించుకోవాలి.

7. సన్నటి గొంతు లేదని బెంగ వద్దు.

2025 సంక్రాంతికి వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’లో ‘గోదారి గట్టు’ పాటను రమణ గోగుల, మధుప్రియ పాడారు. భీమ్స్ సంగీతం. రమణ గోగుల గొంతులో ఉన్న ఆ గరుకే పాటకు అందం. బీడీల కార్ఖానాలో, మిల్లుల్లో, ట్రాక్టరు మోతలో పని చేసి గొంతు బొంగురుపోయిన వాళ్ళు ఇలాంటి పాట ఎంచుకుంటే అసలు గాయకుడి కన్నా బాగుందనే వాళ్ళూ ఉంటారు. పొగడ్తను నమ్మి వెంటనే ఇంకోటి ఎత్తుకోవద్దు, దాని సంగతి చివర్లో చెప్తా.

8. యుగళగీతం అయితే ముందు జోడీని ఖాయం చేసుకోండి.

‘ఘరానా మొగుడు’లోని ‘బంగారు కోడిపెట్ట’ లాంటి పాట ఒక్క మగాడే ఇద్దరి వంతూ పాడితే వినలేం. ఇంట్లో పాడే వదినో, మరదలో, కట్టుకున్నావిడో ఉంటే ముందు రోజే అడగండి. అడిగే తీరు కూడా ముఖ్యం. వంటింట్లో చేతినిండా పని ఉన్నప్పుడు "రాత్రికి పాడాలె" అని హుకుం జారీ చేస్తే పాట కాదు, ఇంకేదో వినిపిస్తుంది. ఎవరూ దొరక్కపోతే ఆడగొంతు అలాగే ఉంచి మగగొంతు మాత్రమే తీసేసిన ట్రాకులు దొరుకుతాయి, అవి వాడండి. వాటికి మాత్రం స్థాయి రెండు నొక్కుల కన్నా ఎక్కువ మార్చొద్దు. ఆ గాయని గొంతు వింతగా మారిపోతుంది.

9. హుషారో కాదో చప్పట్లతో తేల్చండి.

పాట పెట్టి, మాటలు పట్టించుకోకుండా చప్పట్లు కొట్టండి. పల్లవి రెండోసారి వచ్చేసరికి చెయ్యి దానంతటదే పడుతుంటే అది మీ సభకు పనికొచ్చే పాట. లెక్క పెట్టుకుంటూ కొట్టాల్సి వస్తే కాదు. 2002 నాటి ‘జయం’లోని ‘రాను రానంటూనే సిన్నదో’ ఈ పరీక్షలో మొదటి దరువుకే నెగ్గుతుంది. తీన్‌మార్ వింటూ పెరిగిన చేతులకు అది నేర్పాల్సిన పని లేదు.

10. రెండో చరణం కూడా చదవండి.

పల్లవి ముద్దుగా ఉండి, రెండో చరణంలో పెద్దవాళ్ళ ముందు పలకలేని మాటలున్న పాటలు బోలెడు. మేనత్త ముందు వరుసలో కూర్చున్నాక తెలుసుకుంటే లాభం లేదు. అనుమానం ఉంటే ఒక చరణంతో ఆపేయండి. నిజానికి ఏ పాటకైనా పల్లవి, ఒక చరణం, మళ్ళీ పల్లవి చాలు. రెండున్నర నిమిషాలు దాటితే వినేవాళ్ళ చూపు ఐస్‌క్రీమ్ స్టాలు వైపు పోతుంది.

11. మాటలు తెలుగు లిపిలో, మీ చేత్తో రాసుకోండి.

కరోకే ట్రాకుల్లో తెర మీద కనిపించే మాటలు చాలావాటిలో ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. అది ‘లా’నో ‘ళా’నో, పొడుగో పొట్టో తేల్చుకునేలోపు వరుస దాటిపోతుంది. ఏ4 కాగితం మీద పెద్ద అక్షరాలతో, వరుసకు వరుస ఎడంగా రాసుకోండి. చదువుకళ్ళద్దాలు జేబులో పెట్టుకోండి. రాయడంలో ఇంకో లాభం, రెండుసార్లు రాస్తే సగం పాట నోటికొస్తుంది.

12. ఎకో బటన్‌ను వెనక్కి తిప్పండి.

ఈ ఒక్క చిట్కా పాటించినా సగం జిల్లా బాగుపడుతుంది. చక్రాల స్పీకరు మీద ఎకో అని ఒక బటన్ ఉంటుంది. మన వాళ్ళు దాన్ని కుడివైపు చివరిదాకా తిప్పి, "ఇప్పుడు స్టూడియో లెక్క ఉంది" అంటారు. లేదు. రేకుల కప్పు, టైల్స్ నేల ఉన్న హాలు తానే బోలెడంత ప్రతిధ్వని ఇస్తుంది. దాని మీద మీ ఎకో కలిస్తే మొదటి మాట వెనక్కి తిరిగొచ్చేసరికి మూడో మాట బయల్దేరుతుంది, ఏ మాటా ఎవరికీ అర్థం కాదు. ముందు సున్నాకు తిప్పండి. ఒకరిని హాలు చివర నిలబెట్టి ఒక వరుస పాడండి. గొంతు మరీ పొడిగా ఉందని వాళ్ళు చెయ్యూపితే కొంచెం, పావు వంతు మించకుండా, పెంచండి. ఇంట్లో పాడేటప్పుడైతే కిటికీలకు దుప్పట్లు వేలాడదీసి, కింద బొంత పరవండి. గది మోత తగ్గుతుంది.

మైకు కీచుమంటే అందరూ మైకును తిట్టి, దాన్ని అరచేత్తో మూస్తారు. మూస్తే ఇంకా కూస్తుంది. కీచు వచ్చేది స్పీకర్లోంచి వచ్చిన మోత తిరిగి మైకులో దూరడం వల్ల. స్పీకరు మీకన్నా ముందు ఉండాలి, దాని మొహం జనం వైపు తిరిగి ఉండాలి. మీరు దాని వెనక నిలబడాలి. అంతే, మాయమవుతుంది.

13. మైకును పిడి దగ్గర పట్టుకోండి.

జాలీ తలను గుప్పిట్లో పట్టుకోవడం వీడియోల్లో చూసి నేర్చుకున్న అలవాటు. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. పెదవికి నాలుగు వేళ్ళ ఎడం చాలు. పై స్థాయి వరుస వచ్చినప్పుడు ఇంకో రెండు వేళ్ళు దూరం జరపండి, గుసగుసలా పాడే చోట దగ్గరికి తెచ్చుకోండి. పనిచేస్తోందా లేదా అని ఊదడం, తట్టడం మానేయండి, ఏదైనా ఒక మాట మాట్లాడితే తెలిసిపోతుంది. వైర్‌లెస్ మైకుల్లో కొత్త సెల్స్ వేసుకోండి, పాత సెల్స్ ఎప్పుడూ చరణంలోనే చస్తాయి. పది మంది నోటి దగ్గరకు పోయిన జాలీని మధ్య మధ్య శుభ్రమైన గుడ్డతో తుడవడం మరవకండి.

14. పాడాక తినండి, లేదా తిన్న గంటకు పాడండి.

బిర్యానీ కడుపు నిండా ఉంటే ఊపిరి పొట్టలోకి దిగదు. కూల్ డ్రింకు గ్యాసు చరణం మధ్యలో బయటికొస్తుంది. పాల మిఠాయి తింటే గొంతులో జిగట తగిలినట్టుంటుంది. గోరువెచ్చటి నీళ్ళు గుక్కెడు గుక్కెడుగా తాగడం అన్నిటికన్నా మేలు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడం మన నాటక సమాజాల వాళ్ళ పాత అలవాటు, పటికబెల్లం, మిరియం కూడా అంతే. గొంతుకు ఊరటగా ఉంటుంది, ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. కల్లు సంగతంటారా, మొదటి గ్లాసు భయం తీస్తుంది, రెండోది శ్రుతి తీస్తుంది. మూడో గ్లాసు తాగిన బావ చేతిలోంచి మైకు ఎవరు తీయాలన్నది ఆ ఇంటి వాళ్ళు ముందే మాట్లాడుకోవాలి.

15. మధ్యలో వచ్చే వాద్యాల కోసం పని పెట్టుకోండి.

ఇరవై, ముప్పై సెకన్లు ఏమీ పాడే పని లేకపోతే మగాళ్ళు కొయ్యబారిపోతారు. ఆ సమయంలో పెళ్ళికొడుకును పిలవండి, పిల్లల్ని ముందుకు రమ్మనండి, చప్పట్లు కొట్టించండి. చెవి మాత్రం దరువు మీదే ఉంచండి. చరణం ఎన్నో దరువుకు మొదలవుతుందో ఇంట్లోనే లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంటే తడబాటు ఉండదు.

16. మొహమాటస్తులను గుంపు పాటలతో లాగండి.

ఒంటరిగా పాడమంటే పారిపోయేవాడు పది మంది మధ్యలో పాడతాడు. 1989 నాటి ‘శివ’లోని ‘బోటనీ పాఠముంది’ కాలేజీ దోస్తులకు. 1996 నాటి ‘ప్రేమ దేశం’లోని ‘ముస్తఫా ముస్తఫా’ ఇప్పుడు నలభై దాటిన బ్యాచులకు, అది కాస్త నిదానమే అయినా భుజాల మీద చేతులు వాటంతటవే పడతాయి. గద్దర్ గొంతుతో ఊరూరా తిరిగిన ‘బండెనక బండి కట్టి’ ఒకరు చెప్తే నలుగురు అందుకునే పాట. దానికి ట్రాకు అక్కర్లేదు, ఒక డప్పు చాలు. ఎల్లారెడ్డి, గాంధారి వైపు తండాల పెళ్ళిళ్ళకు వెళ్తే ఒక బంజారా పాట పల్లవైనా నేర్చుకుని వెళ్ళండి. చుట్టాలు మీకిచ్చే మర్యాదే మారిపోతుంది.

17. జపాన్ పాట పాడాలని సరదా ఉంటే పాడండి, భయపడాల్సింది లేదు.

అక్కడ ఉద్యోగం చేస్తున్న అబ్బాయి ఎవరైనా సెలవుకొస్తే నేర్పమనండి. జపాన్ మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, మన నోటికి అది పుట్టు అలవాటే. తెలుగు లిపిలో రాసుకుంటే దాదాపు ఉన్నదున్నట్టు పలకొచ్చు. మొదటి పాటగా సకమోతో క్యూ 1961లో పాడిన ‘ఉఎ ఒ ముఇతె అరుకో’ మంచిది. 1963లో అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానానికి ఎక్కిన పాట ఇదే. నడక తేలిక, స్థాయి పెద్దగా ఎక్కదు, మధ్యలో ఈల వేసే చోటుంది. మన వాళ్ళకు ఈల నేర్పాలా? ఇంకా హుషారు కావాలంటే ‘ద బ్లూ హార్ట్స్’ బృందం 1987లో తెచ్చిన ‘లిండా లిండా’ ఉంది. నెమ్మదిగా మొదలై ఒక్కసారిగా గంతులోకి దూకుతుంది, పల్లవి ఒకే పేరు మళ్ళీ మళ్ళీ పిలవడమే. అక్కడి కరోకే గదుల్లో కంజీర లాంటి టాంబురిన్ ఇస్తారు, పాడని వాళ్ళు అది వాయిస్తూ పాడేవాడికి తోడుంటారు. మన దగ్గర పాడని వాళ్ళు ఫోన్లు చూసుకుంటారు. ఆ టాంబురిన్ పద్ధతి మనమూ తెచ్చుకోవచ్చు. స్టీలు పళ్ళెం, చెంచా ఉన్నా సరిపోతుంది.

18. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళతో ఫోన్లో కలిసి పాడాలంటే ఒకరి తర్వాత ఒకరు పాడండి.

మన జిల్లాలో దుబాయి, సౌదీ, ఖతర్‌లలో మనిషి లేని వాడకట్టు తక్కువ. చెల్లెలి పెళ్ళికి సెలవు దొరకని అన్న వీడియో కాల్‌లో పాడతానంటాడు. కాల్‌లో గొంతు కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఇద్దరూ ఒకేసారి పాడితే ఎప్పటికీ కలవదు. పల్లవి ఇక్కడ, చరణం అక్కడ అనుకోండి. లేదా యాప్‌లో ముందే ఆయన వంతు పాడి పంపమనండి, మీరు దానికి మీ వంతు జోడించొచ్చు. ఆ పని చేసేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్ వద్దు, అది కూడా గొంతును వెనకబెడుతుంది. వైరున్నదే వాడండి.

19. ఒక పాట పాడి మైకు పక్కవారికి ఇవ్వండి.

ఏడో చిట్కాలో చెప్తానన్నది ఇదే. "ఇంకోటి, ఇంకోటి" అని అరిచేవాళ్ళు మర్యాదకు అరుస్తారు. అరవని వాళ్ళలో పాడాలని ఉండి అడగలేని వాళ్ళుంటారు, పెళ్ళికొడుకు తండ్రి, వంట దగ్గర నిలబడ్డ చిన్నాయన, టెంటు సామాను తెచ్చిన కుర్రాడు. ఓ కాగితం మీద పేర్లు రాసి, వరుస ప్రకారం పిలిచే బాధ్యత ఒక ఆడపడుచుకు అప్పగించండి. ఆమె మాట బావలు దాటరు.

20. రాత్రి పది కొట్టకముందే చివరి పాట పెట్టండి.

శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచీ అమల్లో ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకరు వాడకూడదు. ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. వాకిట్లో టెంటు వేసి పాడేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. నాలుగు గోడలున్న హాలు లోపల మోత లోపలే ఉంటే వెసులుబాటు ఉంది, కానీ మన హాళ్ళలో చాలావాటికి ఒక పక్క గోడే ఉండదు. వాడకట్టులో పదో తరగతి పిల్లలు, పొద్దున నాలుగింటికి లేచే పాలవాళ్ళు, మందులేసుకుని పడుకున్న ముసలివాళ్ళు ఉంటారు. తొమ్మిదిన్నరకు అందరూ కలిసి పాడే గుంపు పాట ఒకటి పెట్టుకోండి, తొమ్మిదీ ముప్పావుకు స్పీకరు ప్లగ్గు తీయండి.